బుల్లెమ్మ లిఫ్టుకి చదివిన వ్యాసం

పటమటలో కృష్ణవేణి రెసిడెన్సీకి తెల్లారేది పాల ప్యాకెట్లతో. ప్యాకెట్లు తెచ్చే మనిషి లిఫ్టు గ్రిల్లు లాగి, మూడో నంబరు నొక్కి, "ఎండెక్కితే విరిగిపోతాయమ్మా" అంటాడు. లిఫ్టు కాస్త ఆలోచించి పైకి పోతుంది. ఆ వెనకే వాకింగ్ నుంచి వచ్చిన పెద్దాయన ఎక్కి "అలిసిపోయాను" అంటాడు. లిఫ్టు ఉలకదు, పలకదు. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "సరే, నిజం చెబుతా. దారిలో పునుగులు తిన్నాను. కడుపులో గడబిడగా ఉంది, తొందరగా పోనీ" అంటాడు. అప్పుడు రయ్యిన పోతుంది.

అదీ ఆ లిఫ్టు సంగతి. బటన్ నొక్కితే చాలదు, ఎందుకు వెళ్తున్నారో చెప్పి ఒప్పించాలి. ఒప్పుకుంటే పైకి, ఒప్పుకోకపోతే ఉన్నచోటే. అబద్ధమాడితే సెల్లార్‌కి. సెల్లార్‌లో మోటారూ, పాత సైకిళ్ళూ, ఎప్పటివో వాన నీళ్ళూ తప్ప ఏమీ లేవు గనక అబద్ధాలాడేవాళ్ళు తక్కువ. మెకానిక్ వచ్చినప్పుడల్లా గ్రీజు రాసి, "తాడు పాతది, బరువు ఎక్కువ పెట్టకండి. మిగతా అంతా బాగానే ఉందండీ. మీరే కొంచెం బాగా చెప్పుకోవాలి" అని సంతకం పెట్టించుకుని పోతాడు. కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళకి నీళ్ళెప్పుడొస్తాయో, చెత్తబండి ఎప్పుడొస్తుందో చెప్పే నోటితోనే ఇదీ చెబుతారు. వాళ్ళూ సరేనంటారు. బెజవాడ ఎండల్లో ఐదంతస్తులు ఎక్కడం కన్నా ఒక మాట చెప్పుకోవడమే నయం కదండీ మరి.

ఐదో అంతస్తులో మూడిళ్ళకి వంట చేసేది బుల్లెమ్మ. పామర్రు పక్క పల్లె నుంచి పెళ్ళయి వచ్చి కరకట్ట దగ్గర కాపురం పెట్టింది. మొగుడు పోయాక ఈ మూడిళ్ళ వంటే ఆవిడ బతుకు. రోజూ లిఫ్టెక్కి "పోపు వేగాలి, పద" అనేది. లిఫ్టు ఏనాడూ పేచీ పెట్టలేదు.

గొడవ ఎక్కడ మొదలైందంటే, అసోసియేషన్ సెక్రటరీ రామకోటేశ్వరరావు గారింటికి హైదరాబాదు నుంచి వియ్యంకుడు రావడం దగ్గర. రామకోటేశ్వరరావు గారు వన్ టౌన్‌లో ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ కొట్టు నడిపి, దాన్ని కొడుక్కి అప్పగించి, అక్కడ మిగిలిపోయిన పెత్తనమంతా పట్టుకొచ్చి అపార్టుమెంటు మీద పెట్టినాయన. వియ్యంకుడుగారు భార్యాసమేతంగా లిఫ్టెక్కి "మేం సెక్రటరీ గారి వియ్యాలవారం" అన్నారు. కదల్లేదు. "చాలా దూరం నుంచి వచ్చాం" అన్నారు. ఏసీ కారులో కాళ్ళు చాపుకుని వచ్చినవాళ్ళు కదా, అదీ కదల్లేదు. చెమటలు పడుతుంటే బుల్లెమ్మ ములక్కాడల సంచీతో వచ్చి, "జరగండి బాబూ" అని మధ్యలో దూరి, "వీళ్ళకే వంట. పప్పింకా పొయ్యెక్కలేదు, పద" అంది. లిఫ్టు ముగ్గుర్నీ తీసుకుని పోయింది.

వియ్యంకుడుగారు సరదా మనిషి. భోజనాల దగ్గర గుత్తివంకాయ కలుపుకుంటూ, "బావగారూ, మేం మీ పేరు మీద కాదు, మీ వంటమనిషి మాట మీద పైకొచ్చాం!" అని పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. రామకోటేశ్వరరావు గారు కూడా నవ్వారు గానీ ఆ పూట ఆయనకి అన్నం సహించలేదు.

ఆ ఆదివారమే పార్కింగులో మీటింగు. 'పనివారు, డెలివరీవారు, వాచ్‌మన్ మెట్లు మాత్రమే వాడవలెను' అని సెక్రటరీ గారు కొత్త రూలు చదివారు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగారు.

ఓనర్లంతా ఫోన్లు చూసుకున్నారు. సెక్రటరీతో పడకపోతే ట్యాంకర్ నీళ్ళు ఆఖర్న ఎవరింటికి వస్తాయో అందరికీ తెలుసు.

"నాకుంది" అంది బుల్లెమ్మ, సెలవు రోజైనా మీటింగు సంగతి విని వచ్చి, లిఫ్టు గ్రిల్లుకి ఆనుకుని.

"నువ్వు మెంబరువి కాదుగా?"

"అక్కడ రాసిందేంటండీ మరి?" అని గోడ మీద బోర్డు చూపించింది.

ఆ బోర్డు అపార్టుమెంటు కట్టిన నాటిది. లిఫ్టు మీద ఏ రూలు పెట్టాలన్నా లిఫ్టుకే వినిపించాలి. కావాలన్న వాళ్ళొక వ్యాసం, వద్దన్న వాళ్ళొక వ్యాసం రాసుకొచ్చి అందులో నిలబడి చదవాలి. అది ఒప్పుకున్న ఒక్కో కారణానికి ఒక్కో అంతస్తు ఎక్కుతుంది. ఎవరిది ఎక్కువ ఎక్కితే వాళ్ళ మాట. సమానమైతే సెక్రటరీ మాట. చదివే హక్కు 'లిఫ్టు ఎక్కువారెవరికైనను' ఉంది. ఇదివరకు ఒకాయన కుక్కల్ని ఎక్కనివ్వకూడదని రాస్తే ఆ వ్యాసం ఒకటో అంతస్తు దాటలేదు. కుక్క తాలూకు ఆవిడ రాసింది ఐదుకి పోయింది. అప్పట్నుంచీ ఆ కుక్క దర్జాగా లిఫ్టులోనే తిరుగుతోంది.

రామకోటేశ్వరరావు గారికి నవ్వొచ్చింది. "రాసుకురా. వచ్చే ఆదివారం చదువుదాం. అప్పటిదాకా మెట్లు."

"మెట్లెక్కి ఒక్క రోజు కూడా రానండీ" అంది బుల్లెమ్మ. "నా వ్యాసం గెలిస్తే లిఫ్టులో వస్తా. ఓడితే ఈ గుమ్మం తొక్కను. మీ మూడిళ్ళూ మీరే చూసుకోండి."

అనేసింది. ఈ మూడిళ్ళు పోతే మళ్ళీ ఎక్కడ వెతుక్కోవాలి? అయినా అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు. వాళ్ళమ్మ పామర్రు చుట్టుపక్కల నాట్లు వేసే ముఠాకి పెద్ద. ఎంత ఆసామీ అయినా సరే, మాట తెగేదాకా ముఠా అంతా గట్టు మీదే నిలబడేది. నారు ఎండిపోతోందని రైతు గోల పెట్టినా మళ్ళో ఒక్కత్తీ కాలు పెట్టేది కాదు. ఆ గట్టు మీద పాలు తాగి పెరిగిన పిల్ల బుల్లెమ్మ.

అందుకే మర్నాడు వేళకే వచ్చింది. వచ్చి వాచ్‌మన్ అంతోని బెంచీ మీద లిఫ్టుకి ఎదురుగా కూచుంది. అంతోని మొహం మాడ్చుకుని, "నన్నేం చేయమంటావు అక్కా? నిన్ను ఎక్కనివ్వద్దన్నారు. ఆ రూల్లో నేనూ ఉన్నాననుకో" అన్నాడు. "నువ్వేం చేయక్కర్లేదు, జరుగు" అని పక్కన సంచీ పెట్టుకుంది. వంటయ్యే వేళ దాకా కూచుని ఇంటికి పోయింది. రోజూ ఇదే. పైన మూడిళ్ళవాళ్ళూ కర్రీ పాయింటు కవర్లు పట్టుకుని ఆవిడ ముందు నుంచే తలొంచుకుని లిఫ్టెక్కేవాళ్ళు. లోపల కారణం చెప్పాలి కదా! "కర్రీలు చల్లారిపోతాయి" అని ఎంత గొణిగినా బుల్లెమ్మకి వినపడేది.

నాలుగో అంతస్తులో త్రిపురసుందరి గారని రిటైరైన తెలుగు టీచరు ఉంది. పామర్రు హైస్కూల్లో పనిచేసి వచ్చి, ఇప్పుడు పోటీ పరీక్షల పిల్లలకి వ్యాసరచన చెబుతుంది. ఒప్పించే వ్యాసం రాయాలంటే ఆవిడ దగ్గరే నేర్చుకోవాలని పటమటంతా పేరు. మీటింగులో తను కూడా ఫోనే చూసుకుంది. అది ఆవిడకి రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఎవరూ అడక్కుండానే వ్యాసం రాసింది. దీనురాలు, అభాగ్యురాలు, మానవత్వం, కన్నీరు, అన్నీ పెట్టింది. 'అరిగిపోయిన మోకాళ్ళతో ఆ పేద స్త్రీ మెట్టు మెట్టుకీ మూలుగుతూ' అని రాసినచోట ఆవిడకే కళ్ళు చెమర్చాయి. కూరలు కొనుక్కుని పైకి వెళ్తూ ఎలా ఉందో చూద్దామని లిఫ్టులోనే చదివింది. లిఫ్టు తిన్నగా సెల్లార్‌కి దింపేసింది.

చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ ర్యాంపు ఎక్కి వచ్చి బుల్లెమ్మ ముందు నిలబడింది. "ఏమే, నీ మోకాళ్ళకేమైంది?"

"నా మోకాళ్ళకేం టీచరమ్మా? గుండ్రాళ్ళలా ఉన్నాయి. నొప్పులు మీకు కదా!"

"మరి మెట్లెక్కలేనన్నావుగా?"

"ఎక్కలేనని ఎప్పుడన్నానండీ? ఎక్కనన్నాను."

త్రిపురసుందరి పక్కన కూలబడింది. కాగితం తీసి చూపించింది. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బుల్లెమ్మకి ఒళ్ళు మండింది.

"ఇదేంటండీ ఈ ఏడుపు? నొప్పులుంటే ఎక్కనిస్తారు, లేకపోతే ఎక్కనివ్వరు అంటే అది లిఫ్టు కాదు, ధర్మాసుపత్రి. నన్ను చూసి జాలిపడమని నేనెవర్నీ అడగలేదు. చింపెయ్యండి."

టీచరుగారు ఒక్క క్షణం చిన్నబోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో తన వ్యాసాన్ని చింపెయ్యమన్నవాళ్ళు లేరు. తర్వాత ఆవిడే చింపేసింది.

"సరే. మొదట్నుంచి మొదలుపెడదాం. నీకేం కావాలి?"

"లిఫ్టు."

"అంతేనా? జీతం, సెలవులు, ఇంకేమైనా?"

"అవి వేరే గొడవలండీ. ఇది లిఫ్టు గొడవ."

"అదీ! వ్యాసానికి ఒకటే కోరిక ఉండాలి. రెండు కలిపితే రెండూ చెడతాయి. ఇప్పుడు చెప్పు, ఎవరికి రాస్తున్నాం?"

"సెక్రటరీ గారికి."

"కాదు. ఆయన మారడు. వినేది లిఫ్టు. దానికి అబద్ధం గిట్టదు, డాబు గిట్టదు. ఇది మర్చిపోయే నేను సెల్లార్లో తడిశాను. ఇప్పుడు ఆయనేమంటాడో చూద్దాం. ఆయన మాటల్లో బాగా గట్టివి ఏరి, ముందు నువ్వే చెప్పెయ్."

బుల్లెమ్మ విస్తుపోయింది. "వాళ్ళ మాట నేనెందుకు చెప్పాలండీ? వాళ్ళకి నోరు లేదా?"

"ఉంది గనకే. నువ్వే ముందు చెప్పి, అందులో నిజమెంతో ఒప్పుకుని, ఆ తర్వాత జవాబు చెప్పావనుకో, వినేవాళ్ళు నిన్ను నమ్ముతారు. దాచిపెట్టి మాట్లాడితే, ఏదో దాస్తోంది అనుకుంటారు."

ఇది బుల్లెమ్మకి నచ్చింది. వాళ్ళమ్మ కూడా అంతే, రైతు నోరు తెరవకముందే "నీకు నీళ్ళు లేటయ్యాయి, ఎరువు ఖరీదైంది, తెలుసు" అని మొదలుపెట్టేది. ఆ వారమంతా బెంచీ మీద ఇద్దరూ కూచుని రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు. ఎక్కడన్నా 'పాపం' అన్న మాట దొర్లితే బుల్లెమ్మ గుర్రుమనేది. ఎక్కడన్నా తిట్టు దొర్లితే టీచరు గీటేసేది. "తిట్టు నీకు హాయిగా ఉంటుందే. వినేవాళ్ళకి చెవులు మూసుకోడానికి సాకు దొరుకుతుంది" అనేది.

శుక్రవారం సాయంత్రం ట్యూషన్‌కి మనోజ్ఞ వచ్చింది. రామకోటేశ్వరరావు గారి మనవరాలు. గ్రూప్ వన్‌కి చదువుతోంది. టీచరుగారి శిష్యుల్లో ఆ పిల్ల రాసినట్టు ఎవరూ రాయలేరు.

"టీచర్‌గారూ, మీకొకటి చెప్పాలి" అంది బిక్కమొహంతో. "తాతయ్య వ్యాసం నేనే రాశాను. బాగా వచ్చింది."

"నీకు ఆ రూలు సబబుగా ఉందా?"

"అది కాదండీ... ప్రాక్టీసు. పరీక్షలో ఏ వైపిచ్చినా రాయాలని మీరే అన్నారుగా."

అన్నది నిజమే. త్రిపురసుందరికి ఆ పిల్ల మీద కోపం, తన మీద ఇంకా కోపం. పామర్రు నుంచి పటమట దాకా ఎంతమందికి కత్తులు నూరిచ్చిందో, వాటితో ఎవరు ఏం కోశారో ఎప్పుడైనా అడిగిందా?

శనివారం ఆఖరి వాక్యం దగ్గర గురువుకీ శిష్యురాలికీ పెద్ద పేచీ వచ్చింది.

"కావున నన్ను లిఫ్టు ఎక్కుటకు అనుమతించవలసిందిగా ప్రార్థన" అని రాసింది టీచరు.

"ప్రార్థనేంటండీ? గుళ్ళోకి వచ్చామా?"

"అర్జీ అన్నాక ఆఖర్న ప్రార్థన ఉండాలే. కలెక్టరు గారికైనా అలాగే రాస్తాం. సెలవు చీటీ కూడా అలాగే రాస్తాం."

"ఇది అర్జీ కాదుగా. వ్యాసమన్నారుగా."

"వ్యాసమైనా చివర ఏం కావాలో అడక్కుండా ఆపకూడదు. అడగని వ్యాసం సగంలో ఆగిపోతుంది."

"అడగను. కొట్టెయ్యండి."

"మరేం రాయమంటావు?"

"ఏమో. తెలీదు. అడగను, అంతే."

టీచరు కొట్టేసింది. కాగితం అడుగున తెల్లగా ఉండిపోయింది. ఇద్దరికీ ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

ఆదివారం పొద్దున పార్కింగు నిండిపోయింది. అంతస్తు అంతస్తుకీ గ్రిల్లు దగ్గర జనం నిలబడ్డారు. లిఫ్టులో చదివింది పైనుంచి కిందిదాకా అందరికీ వినపడుతుంది.

రామకోటేశ్వరరావు గారు ఇస్త్రీ లాల్చీతో ముందు ఎక్కారు. గొంతు సవరించుకుని చదివారు. లిఫ్టు కరెంటు బిల్లు ఓనర్లే కడుతున్నారన్నారు. ఒకటో అంతస్తు. పొద్దున బడి వేళకి పిల్లలూ ముసలివాళ్ళూ లిఫ్టు కోసం నిలబడిపోతున్నారన్నారు. రెండు. తాడు పాతబడింది, బరువు తగ్గించమని మెకానిక్ చెప్పాడన్నారు. మూడు. ఎవరెవరో లోపలికి వస్తున్నారు, మొన్న రెండో అంతస్తులో గుమ్మం ముందు చెప్పులు పోయాయన్నారు. నాలుగు. ఎక్కడా గొప్పలు లేవు, తిట్లు లేవు. ఒక్కో మాటా మేకు దిగినట్టు దిగింది. కింద నిలబడ్డ త్రిపురసుందరికి ఆ పాఠాలన్నీ తనవేనని తెలుస్తూనే ఉంది.

"కావున ఈ నిబంధనను ఆమోదించవలసిందిగా ప్రార్థన" అని ఆయన ముగించారు. దానికి మాత్రం లిఫ్టు కదల్లేదు. అయినా నాలుగంటే తక్కువా? ఆయన అక్కడే దిగి, మనవరాలి భుజం తట్టి, నాలుగో అంతస్తు గ్రిల్లు దగ్గరే కుర్చీ వేయించుకున్నారు. ఖాళీ లిఫ్టు కిందికి వచ్చింది.

బుల్లెమ్మ ఎక్కింది. చదివింది ఏడో తరగతే, అదీ ఎప్పుడో. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"కరెంటు బిల్లు మీరు కడుతున్నారు. నిజమే. మీ బియ్యం బస్తా లిఫ్టెక్కుతుంది. మీ గ్యాసు సిలిండరు ఎక్కుతుంది. మీ కుక్క ఎక్కుతుంది. వీటిలో బిల్లు కట్టిందేది? మీ ఇంటికి కావలసినవి గనక ఎక్కుతున్నాయి. నేనూ మీ ఇంటికి కావాలనే మీరు పిలిచారు."

లిఫ్టు ఒకటో అంతస్తుకి వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"పొద్దున పూట రద్దీ. నిజమే. అది బడి రద్దీ. బడికి బాక్సు కావాలి. ఆ బాక్సులో అన్నం పెట్టే చెయ్యి ముందు పైకి రాకపోతే పిల్లలు కిందికి దిగి ఏం లాభం?"

రెండు.

"తాడు పాతది. నిజమే. పాత తాడు నేనెక్కినా తెగుతుంది, మీరెక్కినా తెగుతుంది. ఎక్కేవాళ్ళని మార్చడం కాదు, తాడు మార్పించండి."

మూడు. కిందనుంచి అంతోని ఈల వేశాడు. ఎవరో ఊరుకోమన్నారు.

"చెప్పులు పోయాయి. అదీ నిజమే. ఎందుకు వచ్చావో చెప్పి ఒప్పిస్తే గానీ ఈ లిఫ్టు ఎవర్నీ ఎక్కించదు. దొంగ ఏం చెప్పి ఎక్కుతాడు? మెట్లెక్కి పోతాడు. మమ్మల్ని కూడా ఆ మెట్ల మీదికే తోస్తే, ఇంక ఎవరు పనికొచ్చారో ఎవరు దొంగతనానికొచ్చారో మీకేం తెలుస్తుంది?"

నాలుగు. లిఫ్టు ఆగింది. కాగితం అయిపోయింది.

గ్రిల్లుకి అవతల రామకోటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచారు. ఇద్దరి మధ్యా ఆ ఇనప చువ్వలే. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. నాలుగూ నాలుగూ సమానం. సమానమైతే సెక్రటరీ మాట.

ఆయనకి కూడా లోపల ఏదో మెత్తబడ్డట్టే ఉంది. లేదా వారం రోజుల కర్రీ పాయింటు సాంబారు గుర్తొచ్చిందేమో. "బుల్లెమ్మా" అన్నారు నెమ్మదిగా, "బాగానే చదివావు. ఎందుకొచ్చిన పంతం? రూలు రూలుగా ఉంటుంది. నువ్వు 'దయచేసి' అని ఒక్క మాట అడుగు. నీ ఒక్కదానికి నేను పర్మిషనిస్తా. రేపట్నుంచి నువ్వు లిఫ్టులోనే రావచ్చు."

"తాతయ్యా, ఊరుకో" అంది మనోజ్ఞ.

కింద త్రిపురసుందరి కళ్ళు మూసుకుంది. ఒక్క మాట. అంటే మూడిళ్ళూ నిలబడతాయి. అనకపోతే పోతాయి. అనవే తల్లీ అని ఒక మనసు, అనకే అని ఒక మనసు.

బుల్లెమ్మ కాగితం అడుగున ఉన్న తెల్లచోటు చూసుకుంది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"వద్దు బాబుగారూ" అంది. "మీరిచ్చిన పర్మిషను మీ చేతిలోనే ఉంటుంది. ఇవాళ ఇస్తారు, కూరలో ఉప్పెక్కువైన రోజు తీసేసుకుంటారు. ఇవాళ అడిగి ఎక్కితే రోజూ అడగాల్సిందే. నా ఒక్కదానికి ఇస్తే అంతోని ఏం పాపం చేశాడు? నేనడగను. పనికొచ్చాను. నా పని ఐదో అంతస్తులో ఉంది. నాలుగులో ఆగిపోడానికి రాలేదు. నా ఆఖరి మాట ఇదే."

తర్వాత లిఫ్టు వైపు తిరిగి, బటన్ల మీద చెయ్యి వేసి, "నిన్ను కూడా అడగనే. నా మాటలో న్యాయముంటే పద. లేదంటే కిందికి దింపు, ఇంటికి పోతా" అంది.

లిఫ్టులో బల్బు ఒక్కసారి రెపరెపలాడింది. అడుగున ఎక్కడో తాడు కిర్రుమంది. రామకోటేశ్వరరావు గారి కళ్ళ ముందే బుల్లెమ్మ మొహం, తర్వాత చీర కుచ్చెళ్ళు, తర్వాత అరిగిన చెప్పులు పైకి వెళ్ళిపోయాయి.

ఐదో అంతస్తులో ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు గ్రిల్లు లాగి, అమాంతం చేతులు పట్టుకుంది. "వచ్చావా తల్లీ! ఆ సాంబారు తినలేక నాలుక చచ్చిపోయింది. ముందు కాస్త చారు పెట్టు."

"ఇవాళ ఆదివారమండీ. ఆదివారం నాకు సెలవు" అంది బుల్లెమ్మ. "రేపొస్తా." అదే లిఫ్టులో కిందికి దిగి, టీచరుగారి చెయ్యి గట్టిగా ఒకసారి నొక్కి, ఇంటికి పోయింది. ఆటోలో కూచున్నాక గానీ ఆవిడకి ఏడుపు రాలేదు. వచ్చాక మాత్రం బెంజ్ సర్కిల్ దాటేదాకా ఆగలేదు.

ఆ సోమవారం నుంచీ లిఫ్టు బుల్లెమ్మని కారణం అడగలేదు. ఎక్కి ఐదు నొక్కడమే ఆలస్యం, పోయేది. కొన్నాళ్ళకి అంతోనినీ అడగడం మానేసింది, కొరియర్ వాళ్ళనీ మానేసింది. ఓనర్లని మాత్రం మామూలుగానే అడుగుతోంది. వాళ్ళూ మామూలుగానే చెప్పుకుంటున్నారు. త్రిపురసుందరి గారు ట్యూషన్ పిల్లలకి ఆఖరి వాక్యం పాఠం మార్చింది. ఇప్పుడు రాసేముందు ఏ వైపు నమ్ముతున్నారో కూడా అడుగుతోంది. మనోజ్ఞ ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఒక రోజంతా తీసుకుంది.

రామకోటేశ్వరరావు గారు మాత్రం మొండికేశారు. వంటమనిషి కారణం చెప్పకుండా ఎక్కుతుంటే సెక్రటరీ చెప్పుకోవాలా? ఎక్కి, ఐదు నొక్కి, మీసం దువ్వుకుంటూ నిలబడేవారు. లిఫ్టు నిలబడేది. "నేను సెక్రటరీని" అనేవారు. నిలబడే ఉండేది. చివరికి విసురుగా దిగి మెట్లెక్కేవారు. "ఇంటికి పోవాలి అని ఒక్క మాట అనండి, ఏం పోయింది?" అని రాజ్యలక్ష్మి గారు నెత్తీ నోరూ బాదుకునేది. ఆయన వినలేదు.

మే నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన వన్ టౌన్ నుంచి నూజివీడు రసాల పెట్టె పట్టుకుని ఆటో దిగారు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకంటుకుంటోంది. లిఫ్టులోకి వెళ్ళి, పెట్టె కింద పెట్టి, ఐదు నొక్కి నిలబడ్డారు. మెడ మీద చెమట కారిపోతోంది. మెట్ల వైపు చూశారు. కాళ్ళు రానన్నాయి.

అప్పుడే బుల్లెమ్మ గోంగూర కట్టలతో వచ్చింది. ఆయన్నీ, పెట్టెనీ, వెలగని బటన్‌నీ చూసింది. ఏమీ అనలేదు. లోపలికి వచ్చి గ్రిల్లు లాగింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. తల నేల మీది పెట్టె మీదికి వంగింది. "బుల్లెమ్మా... నేనూ పైకే. దయచేసి..."

"అడగక్కర్లేదు బాబుగారూ" అంది బుల్లెమ్మ. "కాస్త అటు జరగండి."

ఐదు నొక్కింది. లిఫ్టు ఇద్దర్నీ తీసుకుని పైకి పోయింది.